ఫ్యాక్టరీలో డేగ గూడు పెడితే: పిల్లలు ఎగిరిపోయే దాకా చేయాల్సిన పనులు

గూడు పెట్టడానికి డేగ కోరుకునేవి ఎక్కువేమీ కాదు. బాగా ఎత్తయిన చోటు, కింద నుంచి పిల్లి గానీ పాము గానీ ఎక్కి రాలేని నిలువు గోడ, చుట్టుపక్కల వేటాడటానికి పావురాలు. పెద్ద ఫ్యాక్టరీలో ఈ మూడూ దొరుకుతాయి. అందుకే విద్యుత్ కేంద్రాల పొగగొట్టాలు, సరుకు నిల్వ చేసే ఎత్తయిన గోపురాల్లాంటి సైలోలు, క్వారీ గోడలు పెరెగ్రిన్ డేగకు కొండచరియల స్థానంలో పనికివస్తున్నాయి. లండన్‌లో బ్యాటర్సీ విద్యుత్ కేంద్రాన్ని పునర్నిర్మించేటప్పుడు అక్కడి పెరెగ్రిన్ జంట కోసం ప్రత్యేకంగా ఒక టవరు నిలబెట్టారు. అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో విద్యుత్ కేంద్రాల పొగగొట్టాలకు బిగించిన పెట్టెల్లో డేగలు పిల్లలను పెంచాయి. పెరెగ్రిన్ ఒక్కటే కాదు. కెస్ట్రెల్ అనే చిన్న డేగ గోడల్లోని బొరియల్లో చేరుతుంది. గుడ్లగూబలు గోదాముల దూలాల మీద కాపురం పెడతాయి. గద్దలు, చేపలు పట్టే ఆస్ప్రేలు విద్యుత్ టవర్ల మీద పుల్లలు పేరుస్తాయి.

ఇలాంటి పక్షి మీ ఆవరణలో దిగితే ఏమి చేయాలో వరుసగా చెబుతాను. ఒక మాట ముందే అనుకుందాం: ఈ గూళ్లను కాపాడేది పక్షుల మీద ప్రేమ కన్నా మెయింటెనెన్స్ క్యాలెండరే. పక్షులంటే ప్రాణమిచ్చే మేనేజరు ఉన్న చోట కూడా, గూడు ఉన్న సంగతి తెలియని కాంట్రాక్టరు పెయింటు వేయడానికి మనుషులను ఎక్కించి గుడ్లను పోగొట్టగలడు.

1. వాలుతోందా, గూడు పెట్టిందా?

ఎత్తయిన చోట డేగ కనబడినంత మాత్రాన గూడు ఉన్నట్టు కాదు. వేట కోసమో, విశ్రాంతి కోసమో వాలి ఉండవచ్చు. మెట్లెక్కి చూడకండి. ఎదురుగా ఉన్న వేరే భవనం నుంచి, లేదా నేల మీద దూరంగా నిలబడి, బైనాక్యులర్స్‌తో చూడండి. తొందరపడకుండా కొన్ని రోజులు, ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి.

వెతకాల్సిన గుర్తులు ఇవి. ఒకే అంచు కింద గోడ మీద తెల్లటి రెట్ట చారలు. కింద నేల మీద పావురాల రెక్కలు, పీకేసిన ఈకల కుప్పలు. అరగని ఎముకలు, ఈకలు, వెంట్రుకలు ముద్దకట్టిన చిన్న ఉండలు. వేటపక్షులు వీటిని నోటి నుంచి కక్కుతాయి. జంటగా తిరగడం, గాలిలోనే ఎరను ఒకదాని నుంచి మరొకటి అందుకోవడం, ఒక మూలకు పదేపదే వెళ్లి రావడం. రెండింటిలో ఒకటి మాయమై, రెండోది మాత్రమే కనబడుతోందంటే ఆ మాయమైనది గుడ్ల మీద కూర్చుని ఉందని అనుమానించండి. పక్షులు వెళ్లిపోయాయని చాలామంది పొరపడేది సరిగ్గా ఈ దశలోనే. అప్పటి దాకా ఆపిన పని మళ్లీ మొదలుపెట్టేది కూడా అప్పుడే.

గూడంటే పుల్లల బుట్టే ఉండాలని చూడకండి. పెరెగ్రిన్ పుల్లలు తేదు. అంచు మీద ఉన్న కంకరలోనో దుమ్ములోనో పొట్టతో నొక్కి చిన్న గుంట చేసుకుని అందులోనే గుడ్లు పెడుతుంది. గుడ్లగూబలదీ కెస్ట్రెల్‌దీ దాదాపు అదే తీరు. కాబట్టి కింద నుంచి చూస్తే ఖాళీగా కనబడే అంచు మీద నాలుగు గుడ్లు ఉండవచ్చు.

2. పని ఆపి, చెప్పాల్సిన వారికి చెప్పండి

గూడు ఉందని తేలితే, లేదా ఉందేమోనని గట్టి అనుమానం కలిగితే, ఆ చోట జరుగుతున్న పనిని ఆ రోజుకు ఆపండి. తరువాత మీ ప్రాంతపు అటవీ లేదా వన్యప్రాణి విభాగానికి రాతపూర్వకంగా తెలియజేయండి. ఇది మర్యాద కోసం చేసే పని కాదు. చాలా దేశాల్లో గూటిని కదపడం, గుడ్లను తాకడం, పొదిగే పక్షిని బెదరగొట్టడం నేరం. బ్రిటన్‌లో 1981 నాటి వన్యప్రాణుల చట్టం కింద పెరెగ్రిన్ గూటి దగ్గర కావాలని అలజడి చేయడమే నేరమవుతుంది. భారత్‌లో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఉంది. అమెరికాలో బట్టతల గద్ద, బంగారు గద్దల గూళ్లకు అవి ఖాళీగా ఉన్న కాలంలో కూడా రక్షణ ఉంది. పక్షులు లేవు కదా అని పుల్లలు తీసి పారేయడానికి వీల్లేదు.

గూడు నిజంగా ప్రమాదకరమైన చోట ఉంటే, ఉదాహరణకు విద్యుత్ ప్రవహించే భాగాలకు ఆనుకుని ఉంటే, తరలించే అధికారం కూడా ఆ విభాగానిదే. మీ ఎలక్ట్రీషియన్‌ది కాదు.

3. నిశ్శబ్దం అక్కర్లేదు, దూరం కావాలి

మనుషులు ఎక్కువగా తికమకపడేది ఇక్కడే. రాళ్లు పిండి చేసే క్రషర్ చప్పుడుకు డేగ పారిపోతుందని భయపడి యంత్రాలు ఆపేయాలా అని అడుగుతారు. అక్కర్లేదు. యంత్రాలు తిరుగుతున్నప్పుడే ఆ డేగ వచ్చి ఆ చోటును ఎంచుకుంది. రోజూ వినే చప్పుడు దానికి గాలి చప్పుడుతో సమానం. పేలుళ్లు జరిగే క్వారీల్లో కూడా పెరెగ్రిన్‌లు ఏళ్ల తరబడి పిల్లలను పెంచుకుంటున్నాయి.

దానిని కలవరపెట్టేది కొత్తగా జరిగేది. నిన్న లేని క్రేను ఈ రోజు గూటి ముందు నిలబడితే, ఎవరూ తిరగని నడకదారి మీద హఠాత్తుగా ఇద్దరు మనుషులు కనబడితే పక్షి లేస్తుంది. అన్నిటికన్నా ఎక్కువ బెదిరేది తన తల పైభాగంలో మనిషిని చూసినప్పుడు. గూటికి కింద వంద మీటర్ల దూరంలో లారీలు తిరుగుతున్నా కదలని పక్షి, పైన కప్పు అంచు మీద ఒక్క మనిషి తొంగి చూస్తే లేచిపోతుంది. కాబట్టి గూటికి పైనున్న కప్పు, మెట్లు, ప్లాట్‌ఫామ్‌లను ముందు మూసేయండి. నేల మీద రాకపోకల సంగతి తరువాత ఆలోచించవచ్చు.

ఎంత దూరం? తెరపి ప్రదేశాల్లో 100 నుంచి 200 మీటర్లు అని సాధారణంగా అంటుంటారు గానీ ఫ్యాక్టరీలో ఆ లెక్కను గుడ్డిగా పెట్టలేరు. పక్షినే కొలతగా తీసుకోండి. మీరు సమీపిస్తుంటే అది తల ఎత్తి మిమ్మల్నే చూడటం మొదలుపెట్టిన చోట ఆగండి. అరిచిందంటే దాటి వచ్చేశారు. లేచిందంటే చాలా దాటేశారు. మొదటి దశ కనబడిన చోటుకు ఇంకొంత కలిపి అక్కడ తాడు కట్టండి, బోర్డు పెట్టండి. బోర్డు మీద గూడు గురించి రాయనక్కర్లేదు. ‘అనుమతి లేకుండా ప్రవేశం లేదు’ అంటే చాలు. ఎందుకో ఎనిమిదో అంచెలో చెబుతాను.

డ్రోన్ గురించి ప్రత్యేకంగా చెప్పాలి. పొగగొట్టాల తనిఖీకి ఇప్పుడు డ్రోన్ వాడటం మామూలైపోయింది, మనుషులు ఎక్కే అవసరం లేదు కాబట్టి పక్షికి మంచిదేనని అనుకుంటారు. డేగ దృష్టిలో అది తన గూటి మీదికి వస్తున్న మరో పక్షి. దాడి చేయవచ్చు, రెక్కలు ప్రొపెల్లర్‌కు తగిలి తెగవచ్చు. గూడు ఉన్నంత కాలం ఆ వైపు డ్రోన్ ఎగరేయవద్దు.

తప్పించుకోలేని మరమ్మతు వస్తే? గ్యాస్ లీకు లాంటిది ఆగదు, ఆగకూడదు. అప్పుడు వన్యప్రాణి విభాగానికి ఫోను చేసి, వీలైతే వారి మనిషిని పక్కన పెట్టుకుని, పనిని ఒక్క దఫాలో ముగించండి. నాలుగు రోజులు అరగంట చొప్పున వెళ్లడం కన్నా ఒకే రోజు ఒక గంట వెళ్లడం మేలు. వానలో, చలిగాలిలో, మండుటెండలో వెళ్లవద్దు. తల్లి లేచినప్పుడు చలిలో గుడ్లు చల్లబడిపోతాయి. ఎండలో నూగు పిల్లలు నీడ లేక మాడిపోతాయి.

4. తేదీలు లెక్కకట్టి ప్రణాళికలో రాయండి

పెరెగ్రిన్ సాధారణంగా మూడు నాలుగు గుడ్లు పెడుతుంది. పొదగడానికి దాదాపు 33 రోజులు, పిల్లలు ఎగరడానికి మరో 40 నుంచి 45 రోజులు. ఎగిరాక కూడా కొన్ని వారాలు తల్లిదండ్రులే వేట నేర్పుతూ తిండి పెడతాయి. జత కట్టే రోజులతో మొదలుపెట్టి అన్నీ కలిపితే ఐదు నెలల దాకా ఆ అంచు మీది పనులు పక్కన పెట్టాలి. కెస్ట్రెల్‌కు పొదగడానికి ఒక నెల, పెంచడానికి ఒక నెల. ఆస్ప్రేకు పొదగడానికి ఐదారు వారాలు, పిల్లలు ఎగరడానికి 50 రోజులకు పైనే. బార్న్ ఔల్ అనే తెల్లటి ముఖపు గుడ్లగూబ పిల్లలు గూడు వదలడానికి రెండు నెలలు పట్టవచ్చు.

నెలల పేర్లు నేను కావాలనే చెప్పడం లేదు. చలి దేశాల్లో వసంతంలో గుడ్లు పెట్టే పక్షికి దగ్గరి బంధువు వేడి ప్రాంతంలో శీతాకాలంలో పెట్టవచ్చు. మీ దగ్గర మొదటిసారి జంట కనబడిన తేదీ, పక్షి కూర్చోవడం మొదలుపెట్టిన తేదీ, ఎర తెస్తూ కనబడిన తేదీ రాసి పెట్టుకోండి. రెండో ఏడాదికి అదే మీ సొంత పట్టిక అవుతుంది. ఒకసారి చోటు నచ్చిన జంట సాధారణంగా మళ్లీ అక్కడికే వస్తుంది.

ఇంకొక చిక్కు ఉంది. మొదటి గుడ్లు ఏ కారణం చేతనైనా పోతే, కాలం మిగిలి ఉంటే, పెరెగ్రిన్ కొద్ది వారాల్లో మళ్లీ పెట్టగలదు. గుడ్లు పోయాయి కాబట్టి అడ్డంకి తొలగిందని ఆ మరునాడే మనుషులను ఎక్కించకండి.

ఈ తేదీలను ఎక్కడ రాయాలన్నది అసలు విషయం. పర్యావరణ విభాగం వారి ఫైల్లో ఉంటే ఉపయోగం లేదు. మరమ్మతుల కోసం ఏటా ఫ్యాక్టరీని ఆపే షట్‌డౌన్ ప్రణాళికలో, ఎత్తు మీద పని చేయడానికి ఇచ్చే వర్క్ పర్మిట్ ఫారంలో ఒక గడిగా ఉండాలి: ‘ఈ నిర్మాణం మీద గూడు ఉందా? ఎవరు, ఎప్పుడు చూశారు?’ ఆ గడి నింపకపోతే పర్మిట్ మీద సంతకం పడకూడదు. కొత్త కాంట్రాక్టరు, రాత్రి షిఫ్టు సూపర్‌వైజరు, సెలవు నుంచి తిరిగి వచ్చిన ఇంజినీరు, వీరెవరికీ ఎవరూ గుర్తు చేయనక్కర్లేకుండా ఆ కాగితమే అడ్డుపడుతుంది.

5. గూటికి దూరంగా ఉండి చంపేవి

గూడు చుట్టూ తాడు కట్టి, అదే ఆవరణలో విషపు ఎర పెట్టే ఫ్యాక్టరీలు ఉన్నాయి. ఎలుకల మందుల్లో బ్రోడిఫాకూమ్, బ్రోమాడియోలోన్ లాంటివి రక్తం గడ్డకట్టకుండా చేస్తాయి. తిన్న ఎలుక వెంటనే చావదు. కొన్ని రోజులు తూలుతూ, పట్టపగలే బయట తిరుగుతూ ఉంటుంది. వేటపక్షికి అంతకన్నా సులువైన ఎర ఏముంటుంది? మందు ఎలుక కాలేయంలో నిలిచి ఉండి పక్షికి చేరుతుంది. పెరెగ్రిన్ ఎక్కువగా పక్షులనే తింటుంది కాబట్టి దీని దెబ్బ గుడ్లగూబలకు, కెస్ట్రెల్‌లకు, గద్దలకు ఎక్కువ. గూడు ఉన్న కాలంలో బోనులు పెట్టండి, ధాన్యం ఒలికే చోట్లు ఊడ్పించండి, కలుగులు మూయించండి. పావురాలకు మందు పెట్టడం పూర్తిగా మానాలి. అది పెరెగ్రిన్‌కే నేరుగా తగులుతుంది. ఈ పక్షి ఒకసారి ఇలాగే అంతరించే అంచు దాకా వెళ్లి వచ్చింది. డీడీటీ అనే పురుగుమందు అవశేషాలు ఆహారం ద్వారా చేరి గుడ్ల పెంకులు పలచబడి, పొదిగే తల్లి బరువుకే పగిలిపోయేవి. 1972లో అమెరికాలో డీడీటీని నిషేధించాక, బోనుల్లో పెంచిన పిల్లలను వదలగా వదలగా, 1999 నాటికి గానీ అక్కడి ప్రమాదపు జాబితా నుంచి దానిని తీయలేకపోయారు.

రెండోది కరెంటు. తీగ మీద వాలినంత మాత్రాన పక్షి చావదు. రెండు తీగలను ఒకేసారి తాకినా, ఒక తీగనూ భూమికి కలిపిన ఇనుప భాగాన్నీ కలిపి తాకినా చస్తుంది. రెక్కలు పెద్దవైతే ఆ ప్రమాదం ఎక్కువ. తడిస్తే ఇంకా ఎక్కువ. పెద్ద గద్దల కోసం అమెరికా విద్యుత్ సంస్థలు తీగల మధ్య అడ్డంగా 150 సెంటీమీటర్ల ఖాళీని చాలాకాలంగా ప్రమాణంగా పాటిస్తున్నాయి. మీ ఆవరణలోని స్తంభాల మీద అంత ఖాళీ ఉండకపోవచ్చు. అలాంటి చోట ట్రాన్స్‌ఫార్మర్‌కు తీగ కలిసే చోట ఉండే బుషింగులకు, తీగలను కలిపే పొట్టి జంపర్ తీగలకు ఇన్సులేషన్ తొడుగులు వేయించండి. గూటి నుంచి కనబడే స్తంభాలతో మొదలుపెట్టండి, ఎందుకంటే కొత్తగా ఎగిరే పిల్ల మొదట వాలేది వాటి మీదే. షట్‌డౌన్‌లో సులభంగా అయిపోయే పని ఇది. కరెంటు కోతలు కూడా తగ్గుతాయి కాబట్టి పై అధికారులను ఒప్పించడం కష్టం కాదు.

మూడోది చాలామంది చూడనిది: పైన మూత లేని నిలువు పైపు. బొరియ అనుకుని లోపలికి దిగిన కెస్ట్రెల్ గానీ గుడ్లగూబ గానీ నున్నటి గోడల మధ్య రెక్క విప్పలేక అక్కడే చస్తుంది. అమెరికాలోని నెవాడాలో గని హద్దులకు పాతిన బోలు ప్లాస్టిక్ పైపుల్లో ఇలా పెద్ద సంఖ్యలో పక్షులు చనిపోయాయి. కంచె స్తంభాలకు, గాలి గొట్టాలకు, వాడని చిమ్నీలకు జాలీనో మూతో వేయించండి. నూనె నిలిచిన తెరపి గుంటల మీద వల కప్పించండి, వల బిగుతుగా ఉండాలి; వదులుగా వేలాడే వలలో పక్షి కాళ్లు చిక్కుకుంటాయి.

6. పిల్ల కింద పడిన రోజు

ఇది తప్పక వస్తుంది. సిద్ధంగా ఉంటే పది నిమిషాల పని.

ముందు చూడాల్సింది ఈకలు. ఒళ్లంతా తెల్లటి నూగే ఉంటే అది గూటి నుంచి జారిపడిన పసి పిల్ల; దానికి సాయం కావాలి. రెక్కలకు తోకకు పూర్తి ఈకలు వచ్చి, అక్కడక్కడ మాత్రమే నూగు అంటుకుని ఉంటే అది ఎగరడం నేర్చుకుంటున్నది. మొదటి ప్రయత్నంలో నేల మీద దిగడం మామూలే. లారీలు, కుక్కలు లేని చోట ఉంటే దూరంగా నిలబడి చూడండి, తల్లిదండ్రులు పై నుంచి గమనిస్తూనే ఉంటాయి. ప్రమాదకరమైన చోట ఉంటే మాత్రం తీయాలి. పెరెగ్రిన్ పిల్ల నేల మీద నుంచి లేవలేకపోతే దానిని దగ్గరలోని తక్కువ ఎత్తు కప్పు మీదికి చేర్చితే చాలు, మిగతాది అవే చూసుకుంటాయి. మనిషి వాసన తగిలితే తల్లి రాదన్న మాట నిజం కాదు.

తీసే పద్ధతి: మందపాటి తోలు చేతిగ్లవ్స్ వేసుకోండి. తువ్వాలు తల మీద నుంచి మొత్తం కప్పండి. చీకటి కాగానే అది నెమ్మదిస్తుంది. ముక్కు కన్నా గోళ్లకు భయపడాలి, కాబట్టి కాళ్లను ముందు అదుపులోకి తీసుకోండి. గాలి రంధ్రాలున్న అట్టపెట్టెలో పెట్టండి. పంజరం వద్దు, ఊచలకు ఈకలు విరుగుతాయి. నీళ్లు, పాలు, అన్నం, మాంసం, ఏదీ పెట్టవద్దు. ఫోటోల కోసం పెట్టె తెరవవద్దు. గాయం ఉన్నా, పసి పిల్ల అయినా, వన్యప్రాణి వైద్యం చేసే వారికి అప్పగించండి. ఆ ఫోను నంబరు గేటు దగ్గర గోడ మీద ముందే రాసి ఉండాలి. పెట్టె, తువ్వాలు, గ్లవ్స్ కూడా అక్కడే.

7. మీద పడే డేగ

పిల్లలున్నప్పుడు కొన్ని జంటలు మనుషుల తల మీదికి దూకుతాయి. సాధారణంగా వెనుక నుంచి వస్తాయి. ఎత్తు మీద ఉన్న కార్మికుడు ఉలిక్కిపడి కాలు జారడమే ఇందులో పెద్ద ప్రమాదం. కాబట్టి ఇది సేఫ్టీ అధికారి విషయం కూడా. తప్పనిసరై వెళ్లేవారికి హెల్మెట్, కళ్లద్దాలు, సేఫ్టీ బెల్టు ఉండాలి. పక్కనున్న రెండో మనిషి పని చేయకుండా పక్షినే చూస్తూ ఉండాలి. గొడుగు గానీ చీపురు కర్ర గానీ తల కన్నా ఎత్తుగా నిటారుగా పట్టుకుంటే పక్షి ఆ పై భాగం మీదికే వస్తుంది. కర్ర ఊపకూడదు.

8. గూడు ఎక్కడుందో ప్రచారం చేయవద్దు

గుడ్లు సేకరించే వ్యసనపరులు, వేట కోసం డేగ పిల్లలను అమ్ముకునే వారు ఇంకా ఉన్నారు. పావురాలు పెంచే వారికి డేగ మీద పగ ఉంటుంది. పిల్లలు ఎగిరే దాకా స్థలం గుర్తుపట్టగలిగే ఫోటోలు బయటికి పోనివ్వకండి. సంస్థ పేరుకు మంచిదని ప్రచార విభాగం తొందరపెడుతుంది, ఎగిరిపోయాక చేసుకోమనండి. గూటి దగ్గర కెమెరా పెట్టాలన్నా పక్షులు లేని కాలంలోనే.

9. పిల్లలు వెళ్లాక

ఇప్పుడు మెట్లెక్కండి. వచ్చే ఏడాది గూడు మీకు అనువైన చోటికి మారాలంటే ఈ కొద్ది నెలలే గడువు. పాత చోటును మూసేయాలన్నా (అనుమతితో) ఇప్పుడే. మూసి ఊరుకుంటే మాత్రం అంతకన్నా చెడ్డ చోటు వెతుక్కుంటుంది. మేకుల పట్టీల మీద పెద్దగా నమ్మకం పెట్టుకోకండి. పక్షులు రాకుండా భవనాలకు బిగించిన అలాంటి మేకులనే పీక్కెళ్లి కాకి జాతి పక్షులు గూళ్లు కట్టుకున్నట్టు 2023లో డచ్ పరిశోధకులు చూపించారు.

పెరెగ్రిన్‌కు కావలసింది మూడు వైపులా గోడ, పైన కప్పు ఉన్న చెక్క పెట్టె. ఒక్కో వైపు 60 నుంచి 90 సెంటీమీటర్లు. ముందు అంచున గుడ్లు, కంకర దొర్లిపోకుండా అడ్డుపట్టీ. అడుగున నీరు పోవడానికి రంధ్రాలు, వాటి మీద 10 నుంచి 15 సెంటీమీటర్ల మందాన గుండ్రటి సన్న గులకరాళ్లు. పదునైన కంకర వద్దు, గుడ్లు గీసుకుపోతాయి. ఉత్త చెక్క మీద, ఇనుము మీద గుడ్లు నిలవవు. మధ్యాహ్నపు ఎండ, ఈదురుగాలి నేరుగా తగలని వైపు తిప్పండి. పెట్టె ముందు పిల్లలు రెక్కలు ఆడించుకోవడానికి చిన్న అరుగు ఉంటే మేలు. మనుషులు రోజూ తిరిగే మెట్లకు దూరంగా, అయినా ఏడాదికోసారి చేరగలిగేలా బిగించండి. ఆస్ప్రే కోసమైతే పెట్టె పనికిరాదు. కరెంటు స్తంభం పక్కనే, దానికన్నా ఎత్తయిన వేరే స్తంభం పాతి, పైన చదునైన వేదిక కట్టి, దాని మీద కొన్ని పుల్లలు మీరే పేర్చి పెట్టండి.

పెట్టె ముందే ఉన్నట్టయితే ఎర మిగుళ్లు ఊడ్చి, మూసుకుపోయిన రంధ్రాలు పొడిచి, తగ్గిన గులకరాళ్లు నింపి, తుప్పు పట్టిన బోల్టులు మార్చండి. ముక్కుకు గుడ్డ కట్టుకోండి, ఎండిన రెట్ట దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదు. పొదగని గుడ్డు ఏదైనా మిగిలి ఉంటే దానిని జేబులో వేసుకోవద్దు. చాలా దేశాల్లో అది కూడా నేరమే. ఉన్న చోటే ఉంచి వన్యప్రాణి విభాగానికి కబురు చేయండి. పెంకు మందాన్ని కొలిచి, లోపలి విషాలను పరీక్షించి, మీ చుట్టుపక్కల ఏ రసాయనం తిరుగుతోందో వారు చెప్పగలరు.